480పి వెనుక లెక్క: వీడియో నాణ్యత, డేటా ప్లాన్ ఖర్చు

శాఖల్లో పనిచేసే మనందరికీ ఈ మాట కొత్త కాదు: "సార్, నెట్ అయిపోయింది. రేపు పొద్దున వచ్చి చేసుకుంటాను." యాప్ రిజిస్ట్రేషన్ సగంలో ఉంటుంది. వెనుక వరుస పెరుగుతూ ఉంటుంది. ఖాతాదారు చేతిలోని ఫోన్‌లో చక్రం తిరుగుతూనే ఉంటుంది. రోజుకు 1.5 జీబీ ఇచ్చే ప్లాన్ వేసుకున్నవారికి మధ్యాహ్నానికే డేటా ఎలా అయిపోయింది? అదే ప్లాన్ ఉన్న పక్కింటివారికి రాత్రి పదింటి దాకా ఎలా సరిపోతోంది?

"ఎక్కువసేపు చూసి ఉంటారు" అని మనం సరిపెట్టుకుంటాం. అది సగం నిజం. ఎంతసేపు చూశారన్నది ఎంత ముఖ్యమో, ఏ నాణ్యతలో చూశారన్నదీ అంతే ముఖ్యం. ఆ నాణ్యతను అన్నివేళలా మనమే ఎంచుకుంటున్నామా అంటే, లేదు. ఒక్కోసారి వీడియో యాప్ ఎంచుకుంటుంది. కొన్ని దేశాల్లో మొబైల్ కంపెనీయే ఎంచుకుంటోంది. ఎవరు ఎంచుకున్నా డబ్బు కట్టేది మాత్రం వినియోగదారుడే. అదే ధరకు సరుకు తగ్గించి ఇస్తే ధర పెంచినట్టే లెక్క అని వ్యాపారం తెలిసిన ఎవరైనా ఒప్పుకుంటారు. కాబట్టి వీడియో నాణ్యతపై పరిమితిని కూడా ధరలో భాగంగానే చూడాలి. ఆ పరిమితి ఎలా పనిచేస్తుందో, ఇతర దేశాల్లో ఏం జరిగిందో, మన దేశంలో నిబంధన ఏమిటో, మన ఖాతాదారులకు ఇందులో ఏం పనో వరుసగా చూద్దాం.

గంట వీడియోకు ఎంత డేటా?

480పి, 720పి, 1080పి అనే అంకెలు తెరమీది బొమ్మలో ఎన్ని అడ్డవరుసల చుక్కలున్నాయో చెబుతాయి. వరుసలు పెరిగితే బొమ్మ స్పష్టంగా ఉంటుంది, పంపాల్సిన సమాచారమూ పెరుగుతుంది. ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. నెట్ వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు, ప్లాన్‌ను గిగాబైట్లలో అమ్ముతారు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. అంటే సెకనుకు 1.5 మెగాబిట్ల వేగంతో వచ్చే వీడియో గంటకు సుమారు 675 ఎంబీ వాడుతుంది.

వీడియో వేగం యాప్‌ను బట్టీ, సమాచారాన్ని కుదించే పద్ధతిని బట్టీ మారుతుంది. లెక్క కోసం సాధారణంగా కనిపించే వేగాలు తీసుకుంటే, రోజుకు 1.5 జీబీ ప్లాన్ ఇలా ఖర్చవుతుంది:

480పి, సెకనుకు 1.5 మెగాబిట్లు: గంటకు 675 ఎంబీ. రోజు కోటా 2 గంటల 13 నిమిషాలు వస్తుంది.

720పి, సెకనుకు 2.5 మెగాబిట్లు: గంటకు 1,125 ఎంబీ. రోజు కోటా 1 గంట 20 నిమిషాలు వస్తుంది.

1080పి, సెకనుకు 5 మెగాబిట్లు: గంటకు 2,250 ఎంబీ. రోజు కోటా 40 నిమిషాల్లో అయిపోతుంది.

దీన్ని రూపాయల్లోకి మారుద్దాం. 2024 జులైలో ధరలు పెరిగాక జియోలో రోజుకు 1.5 జీబీ, 28 రోజుల ప్లాన్ రూ.299 అయింది. అంతకుముందు అది రూ.239. మొత్తం 42 జీబీ పూర్తిగా వాడుకుంటే ఒక జీబీకి పడేది రూ.7.12. ఆ లెక్కన గంటసేపు 480పి వీడియోకు దాదాపు రూ.4.80, అదే 1080పిలో అయితే రూ.16. ఆరంగుళాల తెరమీద ఈ రెంటికీ ఉన్న తేడాను చాలామంది కళ్లు పెద్దగా పట్టుకోవు. జేబు మాత్రం పట్టుకుంటుంది.

నెట్‌ఫ్లిక్స్ తన సెట్టింగుల్లోనే ఈ తేడా చెబుతుంది. డేటా ఆదా పద్ధతిలో ఒక జీబీకి సుమారు ఆరు గంటలు చూడవచ్చు. గరిష్ఠ నాణ్యతలో అదే జీబీ 20 నిమిషాల్లో అయిపోవచ్చు. అంటే పద్దెనిమిది రెట్ల తేడా.

నాణ్యత దానంతట అది ఎలా మారుతుంది?

మనం చూసే వీడియో ఒకే పెద్ద ఫైలుగా రాదు. కొన్ని సెకన్ల చొప్పున చిన్నచిన్న ముక్కలుగా వస్తుంది. ఒక్కో ముక్కను కంపెనీ సర్వర్‌లో నాలుగైదు నాణ్యతల్లో సిద్ధంగా ఉంచుతారు. ఫోన్‌లోని యాప్ ముందు వచ్చిన ముక్క ఎంత వేగంగా వచ్చిందో కొలిచి, దాన్నిబట్టి తర్వాతి ముక్క ఏ నాణ్యతలో అడగాలో నిర్ణయించుకుంటుంది. సిగ్నల్ బాగుంటే 1080పి అడుగుతుంది, బస్సు ఊరు దాటి సిగ్నల్ పడిపోతే 360పికి దిగుతుంది. బొమ్మ కాసేపు మసకబారి మళ్లీ తేటపడడం మనం చూసేది ఇందువల్లే.

ఈ ఏర్పాటు మొబైల్ కంపెనీకి ఒక సులువైన దారి చూపింది. వీడియోను తెరిచి చూడనక్కర్లేదు, మార్చనక్కర్లేదు. ఆ సమాచారం ఏ సర్వర్ నుంచి వస్తోందో గుర్తుపట్టి, దాని వేగాన్ని సెకనుకు 1.5 మెగాబిట్ల దగ్గర ఆపేస్తే చాలు. ఫోన్‌లోని యాప్ "నెట్‌వర్క్ ఇంతే కాబోలు" అనుకుని తనంతట తాను 480పికి దిగిపోతుంది. చూసేవారు సిగ్నల్ బాగాలేదనుకుంటారు. అదే ఫోన్‌లో అదే నిమిషంలో వేరే ఫైలు డౌన్‌లోడ్ చేస్తే వేగంగా వస్తుంది. కానీ అలా పోల్చి చూసేవారు ఎందరుంటారు?

కంపెనీలకు ఆ అవసరం ఎందుకు వచ్చింది?

మొబైల్ కంపెనీ వాదనలోనూ బలముంది. ఒక టవర్ ఒక దిశలో పంపగలిగే సమాచారానికి హద్దు ఉంటుంది. ఆ పరిధిలోని వారంతా దాన్నే పంచుకోవాలి. ఒకటో తారీఖున పింఛనుదారులంతా వచ్చే శాఖనే తీసుకోండి. మూడు కౌంటర్లుంటాయి. రెండు కౌంటర్లను ఇద్దరు ఖాతాదారులే పెద్దపెద్ద లావాదేవీలతో గంటసేపు పట్టి ఉంచితే, పాస్‌బుక్ ఎంట్రీ కోసం వచ్చిన యాభైమందీ నిలబడాల్సిందే. మొబైల్ నెట్‌వర్క్‌లో ఆ పెద్ద లావాదేవీ వీడియో. మొత్తం డేటా రద్దీలో మూడింట రెండు వంతులకు మించి వీడియోదే. అందులోనూ అందరూ చూసేది దాదాపు ఒకే సమయంలో, రాత్రి భోజనాల వేళకు, లేదా క్రికెట్ మ్యాచ్ జరిగేటప్పుడు.

మరో కౌంటర్ తెరవాలంటే స్పెక్ట్రం కొనాలి, టవర్లు పెంచాలి. దానికి పెట్టుబడి కావాలి. వీడియో నాణ్యత తగ్గిస్తే ఉన్న టవర్‌తోనే ఎక్కువమందికి సేవ అందుతుంది. కాబట్టి పరిమితి పెట్టడాన్నే తప్పనలేం. వినియోగదారుకు చెప్పి పెట్టారా, వద్దనుకుంటే తీసేసుకునే వీలుందా, అన్ని యాప్‌లకూ ఒకేలా పెట్టారా అన్న మూడు ప్రశ్నలు మాత్రం అడగాలి. ఈ మూడింటికీ అమెరికా అనుభవం మంచి పాఠం.

అమెరికాలో జరిగింది

2015 నవంబరులో టీ-మొబైల్ కంపెనీ "బింజ్ ఆన్" అనే పథకం తెచ్చింది. చేరిన వీడియో కంపెనీల కార్యక్రమాలు చూస్తే ఆ డేటా కోటాలోంచి తగ్గదు. బదులుగా వీడియో 480పి స్థాయిలో వస్తుంది. చాలామంది వినియోగదారులు సంతోషించారు. ఇష్టం లేనివారు తీసేసుకునే సదుపాయమూ ఉంది. అయితే అడగకుండానే అందరికీ ముందే ఆన్ చేసి ఉంచారు. 2016 జనవరిలో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే డిజిటల్ హక్కుల సంస్థ పరీక్షించి చూస్తే, పథకంలో చేరని సంస్థల వీడియోల వేగమూ సెకనుకు సుమారు 1.5 మెగాబిట్లకు తగ్గుతోందని తేలింది. అంటే వాటికి ఉచితం లేదు, పరిమితి మాత్రం ఉంది. తక్కువ నాణ్యత ముక్కలు సిద్ధంగా లేని చిన్న వెబ్‌సైట్ల వీడియోలు ఆగి ఆగి వచ్చే పరిస్థితి.

అదే ఏడాది మార్చిలో మరో సంగతి బయటపడింది. ఏటీ అండ్ టీ, వెరైజన్ నెట్‌వర్క్‌లలో తన వీడియోల వేగాన్ని నెట్‌ఫ్లిక్సే కొన్నేళ్లుగా సెకనుకు 600 కిలోబిట్లకు తగ్గించి పంపుతోందని ఆ సంస్థ ఒప్పుకుంది. వినియోగదారుల డేటా కోటా దాటిపోయి అదనపు బిల్లు పడకూడదనే అలా చేశామని చెప్పింది. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆ మాట వినియోగదారులకు ముందు చెప్పలేదు. ఎక్కువ నాణ్యత కావాలనుకున్నవారికి అడిగే అవకాశమే లేకపోయింది. నాణ్యత తగ్గించేది మొబైల్ కంపెనీ ఒక్కటే కాదని ఈ ఉదంతం గుర్తుచేస్తుంది.

ఆ తర్వాత పరిమితి నేరుగా ధరల పట్టికలోకే వచ్చింది. 2016 ఆగస్టులో టీ-మొబైల్ ప్రకటించిన "అన్‌లిమిటెడ్" ప్లాన్‌లో వీడియో 480పి. హెచ్‌డీ కావాలంటే నెలకు మరో 25 డాలర్లు అని మొదట చెప్పింది. విమర్శలు రావడంతో సవరించుకుంది. 2017 ఆగస్టులో వెరైజన్ తన అన్‌లిమిటెడ్ ప్లాన్‌ను రెండుగా విడదీసింది. చౌక ప్లాన్‌లో ఫోన్ వీడియో 480పి, ఖరీదైనదానిలో 720పి. ఏటీ అండ్ టీ "స్ట్రీమ్ సేవర్" పేరుతో ఇలాంటిదే తెచ్చింది. అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు తీసుకునే ప్లాన్‌ల వివరాల్లో "వీడియో స్ట్రీమింగ్ 480పి" అనే చిన్న అక్షరాల వాక్యం కనిపించడానికి నేపథ్యం ఇదే.

"అన్‌లిమిటెడ్" అనే మాట ఎంత దూరం వస్తుందో 2018లో కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీ అగ్నిమాపక శాఖకు అనుభవమైంది. మెండొసినో కాంప్లెక్స్ కార్చిచ్చును ఆర్పే సిబ్బందికి సమన్వయం చేసే వాహనంలో వెరైజన్ అన్‌లిమిటెడ్ ప్లాన్ ఉంది. నిర్ణీత వాడకం దాటగానే వేగం అసలుదానిలో రెండువందల వంతుకు పడిపోయిందని శాఖాధికారి కోర్టుకు సమర్పించిన పత్రంలో తెలిపారు. మంటలు ఎగసిపడుతుంటే సిబ్బంది కస్టమర్ కేర్‌తో ప్లాన్ మార్పు గురించి మాట్లాడుకోవాల్సి వచ్చింది. అత్యవసర సేవలకు పరిమితి తీసేయడం తమ విధానమనీ, ఇక్కడ పొరపాటు జరిగిందనీ కంపెనీ అంగీకరించింది. పరిమితి వీడియోమీదే కాకపోయినా, చిన్న అక్షరాల వాక్యం ఏ సమయంలో అక్కరకు అడ్డం వస్తుందో చెప్పలేమని ఇది తెలియజేస్తుంది.

నిబంధనల విషయంలో అమెరికా ఇంకా ఒక దారికి రాలేదు. 2015లో తెచ్చిన నెట్ న్యూట్రాలిటీ నియమాలను 2017లో రద్దు చేశారు. 2024లో మళ్లీ తెచ్చిన నియమాలను 2025 జనవరిలో ఒక అప్పీళ్ల కోర్టు కొట్టేసింది. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం సొంత చట్టాలు చేసుకున్నాయి.

మన దేశంలో నిబంధన

ఈ విషయంలో మన దేశం ముందే తేల్చుకుంది. 2015లో ఎయిర్‌టెల్ జీరో, ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్ పథకాలు వచ్చినప్పుడు పెద్ద చర్చ జరిగింది. కొన్ని యాప్‌లకు డేటా ఉచితమైతే మిగతా యాప్‌లు వెనకబడవా అన్నది ప్రశ్న. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ప్రజాభిప్రాయం కోరితే పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. చివరకు 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఒక నిబంధన తెచ్చింది. దాని ప్రకారం ఏ సమాచారం చూస్తున్నారన్నదాన్ని బట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టకూడదు. ఉల్లంఘిస్తే రోజుకు రూ.50 వేలు, గరిష్ఠంగా రూ.50 లక్షల జరిమానా.

రెండో అడుగు 2018లో పడింది. ట్రాయ్ సిఫార్సుల మేరకు కేంద్రం టెలికం లైసెన్సు షరతులను సవరించింది. ఏ సమాచారం అన్నదాన్ని బట్టి కొన్నింటిని ఆపడం, వేగం తగ్గించడం, కొన్నింటికి ప్రాధాన్యమివ్వడం కుదరదు. నెట్‌వర్క్ నిర్వహణకు అవసరమైన సహేతుక చర్యలకూ, అత్యవసర పరిస్థితులకూ, కొన్ని ప్రత్యేక సేవలకూ మినహాయింపులున్నాయి.

ఈ రెంటినీ కలిపి చదివితే, బింజ్ ఆన్ లాంటి పథకానికి ఇక్కడ రెండు కాళ్లూ లేవు. వీడియోకు మాత్రమే డేటా ఉచితం అనడానికి 2016 నిబంధన ఒప్పుకోదు. వీడియో వేగాన్ని మాత్రమే తగ్గిస్తామనడానికి 2018 షరతు ఒప్పుకోదు.

మరి మన ప్లాన్‌లలో రోజు కోటా అయ్యాక వేగం 64 కిలోబిట్లకు పడిపోవడం ఏమిటి? అది అన్ని యాప్‌లకూ ఒకేలా వర్తిస్తుంది, ప్లాన్ వివరాల్లో రాసి ఉంటుంది. కాబట్టి నిబంధనకు విరుద్ధం కాదు. అయితే 64 కిలోబిట్లు అంటే సెకనుకు 8 కిలోబైట్లే. వాట్సాప్‌లో వచ్చిన 2 ఎంబీ ఫొటో తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు దాటుతుంది. వీడియో అసలు నడవదు. "అన్‌లిమిటెడ్" అన్న మాట అక్షరాలా నిజమే, ఉపయోగం మాత్రం దాదాపు శూన్యం.

మన దేశంలోనూ ఒకసారి దేశమంతటా వీడియో నాణ్యత తగ్గింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలై అందరూ ఇళ్లకే పరిమితమైనప్పుడు నెట్‌వర్క్‌లపై ఒత్తిడి పెరిగింది. టెలికం కంపెనీల సంఘం వీడియో సంస్థలను సహకరించమని కోరింది. నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్, హాట్‌స్టార్, గూగుల్, సోనీ, జీ తదితర సంస్థలు మొబైల్ నెట్‌వర్క్‌లలో వీడియోను 480పికి మించకుండా ఏప్రిల్ 14 వరకు ఇస్తామని మార్చి 24న ప్రకటించాయి. మూడు ప్రశ్నలతో దీన్ని పరీక్షించండి. ముందే బహిరంగంగా చెప్పారు. గడువు పెట్టారు. పెద్ద సంస్థలన్నీ కలిసి ఒకే స్థాయికి కట్టుబడ్డాయి. పరిమితి పెట్టాల్సి వస్తే ఎలా పెట్టాలో చెప్పడానికి ఇది మంచి నమూనా.

ఇప్పుడు మన దగ్గర నాణ్యత పరిమితిని బహిరంగంగా అమ్మేది వీడియో సంస్థలే. నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాన్ నెలకు రూ.149, నాణ్యత 480పి. ప్లాన్ పక్కనే ఆ సంగతి రాసి ఉంటుంది. తెలిసి తక్కువ ధరకు తక్కువ నాణ్యత కొనుక్కోవడంలో తప్పేమీ లేదు.

ప్లాన్ ధర, అసలు ధర

డేటా ధర మన దేశంలో ఒక దశలో ఎంతగా పడిపోయిందో అందరికీ గుర్తే. ట్రాయ్ లెక్కల ప్రకారం 2014లో ఒక జీబీకి సగటున సుమారు రూ.269 ఉన్నది 2018కి దాదాపు రూ.12కు దిగింది. 2016 సెప్టెంబరులో జియో రాకతో మొదలైన పోటీయే ఇందుకు ప్రధాన కారణం. ఆ తర్వాత కంపెనీల సంఖ్య తగ్గింది, ధరలు మళ్లీ మెల్లగా పైకి కదిలాయి. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలు మూడూ వరసగా పెంచాయి. పైన చెప్పిన రూ.239 ప్లాన్ రూ.299 కావడం అంటే 25 శాతం పెరుగుదల.

రుణం విషయంలో మనం ఫ్లాట్ రేటు చూపించి ఊరుకోం, అసలు వార్షిక రేటు ఎంతో చూస్తాం. డేటా ప్లాన్‌నూ అలాగే చూడాలి. అందుకు మూడు సంగతులు గమనించాలి.

ఒకటి, వాడని డేటా. రోజు కోటా ఏ రోజుకారోజే ముగుస్తుంది. రోజుకు అర జీబీ మాత్రమే వాడేవారికి 1.5 జీబీ ప్లాన్‌లో జీబీ ధర రూ.7 బదులు రూ.21 దాటుతుంది. మొత్తం డేటా ఒకేసారి ఇచ్చి, గడువులోగా ఎప్పుడైనా వాడుకోనిచ్చే ప్లాన్ వారికి లాభం కావచ్చు.

రెండు, 28 రోజులు. నెలకోసారి రీచార్జ్ అనుకుంటాం, ఏడాదికి పదమూడుసార్లు చేస్తాం. రూ.299 ప్లాన్‌లో ఏడాదికి రూ.3,588 అనుకున్నది రూ.3,887 అవుతుంది. దీనిపై ఫిర్యాదులు వచ్చాకే 2022 జనవరిలో ట్రాయ్ ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లాన్, ప్రతినెలా అదే తేదీకి రీచార్జ్ చేసుకునే ప్లాన్ ఒకటి ఉంచాలని ఆదేశించింది. ఆ ప్లాన్‌లు ఉన్నాయి, అడిగేవారే తక్కువ.

మూడు, "ఉచిత ఓటీటీ". ప్లాన్‌తో పాటు వీడియో యాప్ చందా ఉచితమంటే చందా మాత్రమే ఉచితం. చూసినప్పుడు ఖర్చయ్యే డేటా మన కోటాలోదే. అపరిమిత 5జీ ఉన్న ప్లాన్‌లలోనూ ఒక మెలిక ఉంది. 5జీ సిగ్నల్ ఉన్నంతసేపే అపరిమితం. ఊరి బయటకు వెళ్లి ఫోన్ 4జీకి మారిందా, అదే 1080పి సెట్టింగుతో కోటా కరగడం మొదలవుతుంది.

బ్యాంకుకు ఇందులో ఏం పని?

మన సేవల్లో చాలావాటికి ఇప్పుడు ఖాతాదారు మొబైల్ డేటాయే కౌంటర్. యూపీఐకి కొద్దిపాటి డేటా చాలు. కానీ వీడియో కేవైసీ అలా కాదు. 2020 జనవరిలో రిజర్వ్ బ్యాంక్ అనుమతించిన ఈ ప్రక్రియలో ఖాతాదారు ముఖం, పత్రాలు స్పష్టంగా కనిపించాలి. కాల్ తెగిపోతే మళ్లీ మొదటినుంచి కొత్త సెషన్ ప్రారంభించాలన్నది నియమం. ఉదయమంతా వీడియోలకు కోటా ఖర్చుచేసి సాయంత్రం 64 కిలోబిట్లతో వీడియో కేవైసీకి కూర్చుంటే అది పూర్తికాదు. ఖాతాదారు "బ్యాంకు యాప్ బాగాలేదు" అంటారు. ఇంటినుంచే ముఖ గుర్తింపుతో జీవన్ ప్రమాణ్ ఇచ్చే పింఛనుదారుల ఇబ్బందీ ఇదే. కోటా అయ్యాక వారి ముఖం కాదు, వారి నెట్ గుర్తింపుకు అందదు.

ఇంకా పెద్ద సమస్య రీచార్జ్ భారం మోయలేక నంబరే వదిలేసేవారిది. డేటా అక్కర్లేని పెద్దవారు కూడా కేవలం నంబరు బతికించుకోవడానికి డేటా ప్లాన్ కొనాల్సి వచ్చేది. 2024 డిసెంబరులో ట్రాయ్ మాటలూ ఎస్సెమ్మెస్‌లూ మాత్రమే ఉండే ప్రత్యేక ప్లాన్ తప్పనిసరి చేసింది. వాటికి గడువు 365 రోజుల వరకు ఉండవచ్చు. ఓటీపీకి డేటా అవసరం లేదు, ఎస్సెమ్మెస్ వస్తే చాలు. ఈ సంగతి తెలియక డేటా రీచార్జ్ చేయించుకుంటున్న పింఛనుదారులు ప్రతి శాఖలోనూ ఉంటారు.

నంబరు చెల్లకుండా పోతే అది కొంతకాలం తర్వాత మరొకరికి వెళుతుంది. ఖాతాకు అనుసంధానమైన నంబరు అపరిచితుల చేతికి చేరితే జరిగేదేమిటో మనకు వేరే చెప్పనక్కర్లేదు. అందుకే 2025 జనవరిలో రిజర్వ్ బ్యాంక్, రద్దయిన మొబైల్ నంబర్ల జాబితాను బ్యాంకులు వాడుకుని తమ రికార్డులు సరిచూసుకోవాలని సూచించింది. అంటే రూ.299 రీచార్జ్ కట్టలేకపోవడం అనే చిన్న విషయం ఖాతా భద్రత దాకా వస్తుంది.

మనం చేయగలిగినవి

ఇంట్లోనూ, శాఖలోనూ ఉపయోగపడే కొన్ని సూచనలు:

వీడియో యాప్‌లలో మొబైల్ నెట్‌వర్క్‌కూ, వైఫైకీ నాణ్యతను విడివిడిగా పెట్టుకోవచ్చు. మొబైల్‌కు 480పి లేదా డేటా ఆదా, వైఫైకి హెచ్‌డీ పెట్టుకోండి. దీంతోనే రోజు కోటా రెండు మూడు రెట్లు ఎక్కువసేపు వస్తుంది.

వీడియోలు వాటంతట అవి మొదలయ్యే ఆటోప్లేను ఆపండి. చూడని వీడియోకు డేటా కట్టడం కంటే వృథా లేదు.

ఫోన్ సెట్టింగుల్లో ఏ యాప్ ఎంత డేటా వాడిందో నెలకోసారి చూడండి. బ్యాంకు స్టేట్‌మెంట్ చూసినట్టే చూడాలి.

సినిమాలు, శిక్షణ వీడియోలు వైఫైలో డౌన్‌లోడ్ చేసుకుని ప్రయాణంలో చూడండి.

వీడియో కేవైసీ, జీవన్ ప్రమాణ్ వంటివి రోజు కోటా మొదలైన ఉదయంపూట చేసుకోమని ఖాతాదారులకు చెప్పండి. కోటా అయిపోయిందంటే చిన్న డేటా టాపప్‌తో పని పూర్తవుతుందని గుర్తుచేయండి.

డేటా వాడని పెద్దలకు మాటలు, ఎస్సెమ్మెస్‌ల ప్లాన్ గురించి చెప్పండి. నంబరు మారితే వెంటనే శాఖకు తెలియజేయమనండి.

ప్లాన్ ఎంచుకునేటప్పుడు ధరతోపాటు కోటా తర్వాత వేగం, గడువు ఎన్ని రోజులు, 5జీ షరతులు చదవండి. ఫిర్యాదు ఉంటే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, అక్కడ తేలకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు.

సున్నా వడ్డీ ఈఎంఐ అనేది నిజానికి లేదని, ఆ వడ్డీ ఎక్కడో ఒకచోట కలిసే ఉంటుందని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే స్పష్టం చేసింది. 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తిగత, చిన్న వ్యాపార రుణాలన్నింటికీ ముఖ్యాంశాల పత్రం ఇవ్వడం తప్పనిసరి అయింది. వడ్డీ, రుసుములు, అసలు వార్షిక రేటు ఒకే కాగితంమీద, అర్థమయ్యే భాషలో ఉండాలి. మొబైల్ ప్లాన్‌కూ అలాంటి ఒక చిన్న పత్రం ఉంటే బాగుంటుంది. రోజు కోటా ఎంత, అది 480పిలో ఎన్ని గంటలు వస్తుంది, 1080పిలో ఎన్ని నిమిషాలు వస్తుంది, అయ్యాక వేగమెంత, ఏడాదికి ఎన్ని రీచార్జ్‌లు అన్న అయిదు వాక్యాలు చాలు. అవి కంపెనీలు రాసి ఇచ్చేదాకా, లెక్క తెలిసిన మనం మన ఇళ్లలోవారికీ, మన ఖాతాదారులకూ నోటిమాటగా చెప్పవచ్చు.